పదింతల కన్ను

మొదట నేనూ మోసపోయాను.
క్రోటన్ కదా, పుట్టుకతోనే పసుపు చుక్కలది;
ఇంకో నాలుగు చుక్కలు తేలితే ఎవరికి అనుమానం?
కిటికీ పక్కన, మార్చి ఎండలో,
ఎవరో సూదిమొనతో దాని ఆకుపచ్చను
చుక్కచుక్కగా తాగేస్తున్నారు.
నేను పక్కనే కూర్చుని మజ్జిగన్నం తిన్నాను.

ముప్పై ఏళ్ళుగా అవెన్యూ రోడ్డులో, మెట్ల కింద కొట్లో
గడియారాలు బాగుచేసేవాణ్ణి.
కంటికి బిగించే భూతద్దం ఎప్పుడూ జేబులోనే;
దాని అంచు కుడికన్ను చుట్టూ
చెరగని గుండ్రం గీసింది.
ఆదివారం, చేతికి పనిలేక,
ఒక ఆకు వెనక్కి తిప్పి చూశాను.

నడిమి ఈనె పక్కన
సాయంత్రం ఆరింటి మెజెస్టిక్ బస్టాండు!
ఎనిమిదేసి కాళ్ళు, వీపున రెండేసి నల్లమచ్చలు,
తోసుకుంటూ, ఒకదాని మీంచి ఒకటి ఎక్కుతూ.
ఈనె నుంచి ఈనెకు దారాలు.
హెయిర్ స్ప్రింగును ఊపిరి బిగబట్టి పట్టుకునేవాణ్ణి నేను;
దీని ముందు అది మోకు.

జలజ టార్చి తెచ్చింది.
"నాకేం కనపడ్లేదు. దుమ్ము."
తెల్లకాగితం కింద పెట్టి ఆకును తట్టాను.
దుమ్ము రాలింది.
దుమ్ము నడిచింది.
ఆమె గబుక్కున కుచ్చిళ్ళు పైకెత్తుకుంది.

వాటికి నీళ్ళంటే గిట్టదు. మాకు నీళ్ళే లేవు.
ట్యాంకరొచ్చి మూడు రోజులు,
ఇంటికి నాలుగు బకెట్లు, లెక్క రాసేది కింది వాటా నింగప్ప.
జలజ ముఖం కడిగిన నీళ్ళు పట్టి ఉంచింది,
నేను గడ్డం గీసుకోవడం మానేశాను.
మనీప్లాంటును మెట్ల మలుపులోకి వెలివేశాం,
పాపం దానికేమీ అంటలేదు, అయినా.

వేపనూనె నీళ్ళతో పొసగదు,
చిటికెడు సబ్బు మధ్యవర్తిగా కూర్చుంటే తప్ప.
ఎండ దిగాక పిచికారీ. ఇల్లంతా చేదు.
దిండు గలీబులో కూడా.
"పారేయకూడదా దాన్ని? సిద్దాపుర నర్సరీలో
ఎనబై రూపాయలకు ఇంకోటి వస్తాది."
ఆమె అన్నది సబబే.
కానీ నా దగ్గరికి వచ్చేవన్నీ అలాంటివే:
రెండొందల గడియారం, మూడొందల రిపేరు.

చిక్కంతా లెక్కలో ఉంది.
నూనె పురుగును పట్టుకుంటుంది,
గుడ్డు జోలికి అంతగా పోదు.
ఈ వేడికి గుడ్డు మూడోనాటికి పగులుతుంది,
వారం తిరిగేసరికి పిల్ల తల్లవుతుంది.
కీ ఇచ్చేవి, బ్యాటరీవి, గోడవి, చేతివి ఎన్నో విప్పాను;
ఇంత తొందరగా తిరిగే గడియారం
నా బల్ల మీదికి ఎప్పుడూ రాలేదు.
నేనొక్క పూట మరిచిపోతే అది ముత్తవ్వ.
క్యాలెండరు మీద, పాల లెక్క పక్కన,
నాలుగు రోజులకొక సున్న చుట్టాను.

పాత అద్దాల గుడ్డతో ఒక్కో ఆకునూ
రెండు వేళ్ళ మధ్య లాగుతాను.
గుడ్డ మీద తుప్పురంగు చార.
ఒకసారి అద్దంలో ఒకటి ఆగి
ముందుకాళ్ళు పైకెత్తింది.
నన్ను చూసిందని అనుకోను.
అయినా చెయ్యి ఆగింది.
తర్వాత తుడిచాను.

ఇవాళ ఐదో సున్న.
ఇరవై మూడింటిలో మిగిలినవి తొమ్మిది,
కొసన మడత విప్పని లేతది ఒకటి.
దానికింకా చుక్కల్లేవు, సొంతవీ లేవు, అప్పువీ లేవు.
తెల్లకాగితం పరిచాను. రెండుసార్లు తట్టాను.
ఒకే ఒక్క చుక్క పడింది.

ఫ్యాను ఆపమన్నాను.
జలజ టార్చిని రెండు చేతులా పట్టుకుంది.
అద్దం బిగించాను.
గోడమీద సెకన్ల ముల్లు చప్పుడు.
ముప్పై. నలభై.
దుమ్మయితే నడవదు.
ఇది ఇంకా ఏ సంగతీ తేల్చలేదు.